ఫ్యాక్టర్, ఆల్బుమిన్, యాంటీ-డి: బ్లడ్ బ్యాంకువా, ఫార్మసీవా?

సంపాదకులకు నమస్కారం.

రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బున్న పిల్లాడి కోసం 'ఫ్యాక్టర్ 8 - 2 వయల్స్' (రక్తం గడ్డకట్టించే మందు, రెండు సీసాలు) అని రాసిన చీటీ పట్టుకుని రాత్రిపూట పెద్దాసుపత్రిలో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరిగే తల్లిదండ్రులు క్యాజువాలిటీ సిబ్బందికి కొత్త కాదు. బ్లడ్ బ్యాంకులో అడిగితే "ఇది మందమ్మా, ఫార్మసీలో ఉంటుంది" అంటారు. ఫార్మసీలో అడిగితే "రక్తానికి సంబంధించింది కదా, బ్లడ్ బ్యాంకులో చూడండి" అంటారు. లేదంటే స్టోరు తాళం పగటి డ్యూటీ వాళ్ల దగ్గర ఉందంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ వయల్ ఎవరి బాధ్యతో ఆసుపత్రి కాగితం మీద తేల్చలేదు. ఈలోగా పిల్లాడి మోకాలిలో రక్తం చేరుతూనే ఉంటుంది.

మాలో కొందరం ఆసుపత్రి ఫార్మసీలో, కొందరం బ్లడ్ బ్యాంకులో పనిచేస్తున్నాం. ఈ పంచాయతీలో రెండు వైపుల వాళ్లమూ కూర్చుని ఒక మాట మీదికి వచ్చి ఈ లేఖ రాస్తున్నాం. రక్తం నుంచి తయారైన మందుల కొనుగోలు, నిల్వ, లెక్క, పంపిణీ ఫార్మసీ బాధ్యతగానే ఉండాలి. వాటిలో వేళకాని వేళ కావాల్సి వచ్చే నాలుగైదింటిని మాత్రం, ఫార్మసీ లెక్కలోనే ఉంచి, బ్లడ్ బ్యాంకు ఆవరణలో విడి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏ రోగికి ఏ బ్యాచ్ వెళ్లిందో రాసే పద్ధతిని ఫార్మసీ బ్లడ్ బ్యాంకు నుంచి నేర్చుకోవాలి. ఎందుకో వివరిస్తాం.

గందరగోళమంతా పేరులోనే మొదలవుతుంది. రక్తమనే మాట వినగానే అంతా ఒక్కటే అనుకుంటాం. ఔషధ నిబంధనల్లోని 122-ఈఏ నిబంధన ఈ తేడాను చక్కగా విడమరిచింది. ఒక దాత ఇచ్చిన ఒక యూనిట్ రక్తం నుంచి వేరుచేసింది బ్లడ్ కాంపొనెంట్. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ఎఫ్‌ఎఫ్‌పీ (అతిశీతలంలో నిల్వచేసిన ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం), క్రయో (ప్లాస్మా నుంచి వేరుచేసిన, ఫ్యాక్టర్ 8 ఉండే భాగం) ఈ కోవలోవి. ఎందరో దాతల ప్లాస్మాను కలిపి, కర్మాగారంలో విడగొట్టి, వైరస్‌లను నిర్వీర్యం చేసి సీసాలకెత్తింది బ్లడ్ ప్రోడక్ట్. ఆల్బుమిన్ (ప్లాస్మాలోని ప్రోటీన్), ఇమ్యూనోగ్లోబులిన్ (యాంటీబాడీలు), ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9, పీసీసీ (గడ్డకట్టించే కొన్ని ఫ్యాక్టర్ల మిశ్రమం), ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్), యాంటీ-డి (ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లులకు వేసే యాంటీబాడీ) ఇందులోకి వస్తాయి. మొదటి రకం ఎక్కించాలంటే గ్రూపు చూడాలి, ఎర్రకణాలకైతే క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తంతో సరిపడుతుందో చూసే పరీక్ష) కూడా చేయాలి. వాటి ఆయుష్షూ తక్కువే: ప్లేట్‌లెట్లకు 5 రోజులు, ఎర్రకణాలకు 35 నుంచి 42 రోజులు. రెండో రకానికి క్రాస్‌మ్యాచ్‌తో పనిలేదు. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, నెలలూ ఏళ్లూ దూరంలో ఉండే ఎక్స్‌పైరీ తేదీతో మిగతా ఇంజెక్షన్లలాగే పెట్టెలో వస్తాయి.

లైసెన్సులు కూడా వేర్వేరు. బ్లడ్ బ్యాంకు నడిపేది ఫారం 28-సి మీద. ప్లాస్మా నుంచి మందులు తయారుచేసే కర్మాగారానికి కావాల్సింది ఫారం 28-ఈ. తయారైన ఆ మందును కొని రోగికి అమ్మాలంటే ఫారం 20, 21 ఉన్న ఫార్మసీ కావాలి. ప్రైవేటు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు కంపెనీ దగ్గర ఆల్బుమిన్ కొని, ఎర్రకణాల బిల్లులోనే కలిపి అమ్మితే 28-సి దానికి రక్ష కాదు. ప్రభుత్వాసుపత్రులకు షెడ్యూల్ కె కింద అమ్మకం లైసెన్సు నుంచి మినహాయింపు ఉన్నా, మందుల పంపిణీ అర్హుల పర్యవేక్షణలో జరగాలన్న షరతు దానికి ఉంది. డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ ఎంత నేర్పరి అయినా ఈ పని ఆయన మీద వేయడం ఆయనకు అన్యాయం.

చట్టం సంగతి అలా ఉంచినా, 'రక్తం నుంచి వచ్చింది కాబట్టి బ్లడ్ బ్యాంకుదే' అన్న సూత్రం ఆచరణలో నిలబడదు. హీమోఫీలియా రోగినే తీసుకోండి. ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టర్ 8 ఉంది, ప్రయోగశాలలో కణాల ద్వారా తయారుచేసిన రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 8 ఉంది. పని ఒకటే, మోతాదు లెక్క ఒకటే, వాడే నర్సూ ఒకరే. రెండోదానిలో దాత రక్తం లేదు. ఇన్‌హిబిటర్లు (ఫ్యాక్టర్‌ను పనిచేయనీయని యాంటీబాడీలు) వచ్చిన రోగికి ఒకరోజు ప్లాస్మా నుంచి తీసిన యాక్టివేటెడ్ పీసీసీ ఇస్తారు, మరోరోజు రీకాంబినెంట్ ఫ్యాక్టర్ 7ఏ ఇస్తారు. ఇప్పుడిప్పుడే అందుబాటులోకి వస్తున్న ఎమిసిజుమాబ్ అసలు ఫ్యాక్టరే కాదు, యాంటీబాడీ. పుట్టుకను బట్టి పంచితే ఒకే రోగి మందులు రెండు కిటికీల్లో ఉంటాయి. ఆ రోగికి పూర్తి లెక్క తెలిసినవాళ్లు ఆసుపత్రిలో ఒక్కరూ ఉండరు. కుక్కకాటు బాధితులకు వేసే రేబిస్ ఇమ్యూనోగ్లోబులిన్‌కూ ఇదే చిక్కు వస్తుంది. మనిషి రక్తం నుంచి తీసింది కిలోకు 20 యూనిట్లు, గుర్రం సీరం నుంచి తీసింది కిలోకు 40 యూనిట్లు వేస్తారు. మనిషిదాన్ని బ్లడ్ బ్యాంకులో, గుర్రానిదాన్ని ఫార్మసీలో పెట్టాలని ఎవరైనా అంటారా?

అలాగని బ్లడ్ బ్యాంకు వాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. బ్లడ్ బ్యాంకు 24 గంటలూ తెరిచి ఉంటుంది. అక్కడి ఫ్రిజ్‌కు అలారం ఉంటుంది, ఉష్ణోగ్రత గీసే చార్టు ఉంటుంది. ఏ బ్యాగు ఏ రోగికి వెళ్లిందో పావుగంటలో చెప్పగలరు. రక్తం గడ్డకట్టే తీరు తెలిసిన డాక్టరు అందుబాటులో ఉంటారు. కెనడాలో ఈ మందులు ఎక్కువగా ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుల ద్వారానే వెళ్తాయి. బ్రిటన్‌లో చాలావరకు ఫార్మసీ చూస్తుంది, యాంటీ-డిని మాత్రం చాలా ఆసుపత్రుల్లో ట్రాన్స్‌ఫ్యూజన్ (రక్తమార్పిడి) ల్యాబే ఇస్తుంది. ఎక్కడైనా ప్రశ్న ఒక్కటే. ఆ మందు ఇచ్చే ముందు తెలియాల్సిన సమాచారం ఎవరి దగ్గర పుడుతుంది?

యాంటీ-డి విషయంలో ఆ సమాచారం పుట్టేది బ్లడ్ బ్యాంకులోనే. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్. కాన్పు కాగానే బొడ్డుతాడు రక్తం తీసి బిడ్డ గ్రూపు, డీసీటీ (ఎర్రకణాలకు యాంటీబాడీ అంటుకుందా అని చూసే పరీక్ష) చూడటానికి పంపుతారు. బిడ్డ పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోగా తల్లికి యాంటీ-డి పడాలి, లేదంటే బిడ్డ ఎర్రకణాలకు వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీ పుట్టవచ్చు. మామూలుగా వాడే 300 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ తల్లి రక్తంలోకి చేరిన 15 మి.లీ. దాకా బిడ్డ ఎర్రకణాలను తట్టుకుంటుంది. మాయ ముందే విడిపోయి రక్తస్రావమైనా, మాయను చేత్తో తీయాల్సి వచ్చినా అంతకు మించి చేరి ఉండవచ్చు. అప్పుడు తల్లి రక్తంలో బిడ్డ కణాలెన్ని ఉన్నాయో చూసే క్లైహౌర్ పరీక్ష చేసి ఇంకెన్ని వయల్స్ కావాలో లెక్కగడతారు. ఈ లెక్కగట్టేది కూడా ల్యాబే. రిపోర్టు ఒక గదిలో, వయల్ మరో గదిలో ఉంటే ఏమవుతుందో ప్రసూతి వార్డు వాళ్లకు తెలుసు. శనివారం సాయంత్రం రిపోర్టు వస్తుంది, ఫార్మసీ మూసేసి ఉంటుంది, బయట కొనుక్కోమని చీటీ రాస్తారు. సోమవారం డిశ్చార్జి హడావుడిలో ఆ చీటీ తల్లి సంచిలోనే ఉండిపోతుంది. ఆ కాన్పులో ఆమెకూ బిడ్డకూ ఏ తేడా కనిపించదు. నష్టం తర్వాతి గర్భంలో బయటపడుతుంది, బిడ్డ ఒళ్లు నీరుపట్టి, రక్తం లేక.

ఇంకో పొరపాటు ఉంది, దీని గురించి తక్కువ మందికి తెలుసు. 28వ వారంలో యాంటీ-డి వేసుకున్న గర్భిణి రక్తంలో ఆ మందు తాలూకు యాంటీబాడీ వారాల తరబడి ఉంటుంది. కాన్పు వేళ బ్లడ్ బ్యాంకులో యాంటీబాడీ స్క్రీన్ చేస్తే పాజిటివ్ వస్తుంది. మందు వేసిన సంగతి బ్లడ్ బ్యాంకుకు తెలియకపోతే, ఈమెకు యాంటీబాడీ తనంతట తానే పుట్టేసింది కాబట్టి ఇక యాంటీ-డితో ప్రయోజనం లేదని రాసేసే ప్రమాదముంది. అంటే ముందు వేసిన మందే రెండో మోతాదు అందకుండా చేస్తుంది. అందుకే యాంటీ-డి వయల్ బిడ్డ గ్రూపు రిపోర్టుతోపాటు ఒకే కిటికీ నుంచి బయటికి రావాలి. 28వ వారం మోతాదు ఓపీలో ఫార్మసీ ఇచ్చినా, ఆ తేదీ, బ్యాచ్ నంబరు బ్లడ్ బ్యాంకు రిజిస్టరులో ఎక్కాలి.

ఫ్యాక్టర్ల విషయంలో కీలకం సమయమూ, లెక్కా. ఫ్యాక్టర్ 8 కిలో బరువుకు ఒక యూనిట్ ఇస్తే రక్తంలో స్థాయి 2 శాతం పెరుగుతుంది. ఫ్యాక్టర్ 9 అయితే ఒక శాతమే. 50 కిలోల కుర్రాడి తలకు దెబ్బ తగిలిందనుకుందాం. స్కాన్ కోసం ఆగకుండా ఫ్యాక్టర్ 8 ని 100 శాతానికి తేవాలంటే 2,500 యూనిట్లు కావాలి. సగం మోతాదు మళ్లీ 8 నుంచి 12 గంటల్లో ఇవ్వాలి. అదే హీమోఫీలియా బి (ఫ్యాక్టర్ 9 లోపం; ఫ్యాక్టర్ 8 లోపమైతే హీమోఫీలియా ఏ) అయితే ఫ్యాక్టర్ 9 ని 80 శాతానికి తేవడానికే 4,000 యూనిట్లు పడతాయి. ఇప్పుడు మొదట చెప్పిన చీటీ మళ్లీ చూడండి. '2 వయల్స్' అంటే ఎంత? వయల్ 250 యూనిట్లదీ ఉంది, 500దీ ఉంది, 1,000దీ ఉంది. ఆ చీటీ మీద 500 యూనిట్లు వెళ్లవచ్చు, 2,000 వెళ్లవచ్చు. యూనిట్లలో రాయని ఇండెంటును (మందు కోరుతూ వార్డు పంపే చీటీని) వెనక్కి పంపే అధికారం, డాక్టరుకు ఫోన్ చేసి సరిచేయించే బాధ్యత మందు ఇచ్చేవాళ్లకు ఉండాలి. రోగి బరువు, హీమోఫీలియా ఏనా బీనా, ఇన్‌హిబిటర్ ఉందా అనే మూడు గళ్లు నింపకుండా ఇండెంటు తీసుకోకూడదు. లెక్కకు 1,850 యూనిట్లు వస్తే 2,000 ఇవ్వాలి. కలిపిన వయల్‌లో మిగిలిన మందు పారబోయడం కంటే రోగికి ఎక్కించడమే మేలు.

ఫ్యాక్టర్ అయిపోతే దిక్కు మళ్లీ బ్లడ్ బ్యాంకే. ఒక్కో క్రయో బ్యాగులో సుమారు 80 యూనిట్ల ఫ్యాక్టర్ 8 ఉంటుంది, అంటే 1,000 యూనిట్లకు 12, 13 బ్యాగులు. అవి కర్మాగారంలో వైరస్ నిర్వీర్యం చేసినవి కావు. హీమోఫీలియా బికి క్రయో పనికిరాదు, ఎఫ్‌ఎఫ్‌పీ కావాలి. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ మందు వాడుతూ మెదడులో రక్తస్రావమైన 60 కిలోల మనిషికి ఎఫ్‌ఎఫ్‌పీతో సరిచేయాలంటే కిలోకు 15 మి.లీ. చొప్పున 900 మి.లీ. కావాలి. కరిగించడానికే అరగంట, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అంత ద్రవం ఎక్కించడమే ముప్పు. పీసీసీ అయితే నిమిషాల్లో సిద్ధమవుతుంది. ఏది ఉంది, ఏది లేదు, దేని బదులు ఏది అని ఒకే చోట నిలబడి చెప్పగలిగే మనిషి రాత్రి రెండింటికి కావాలి. అందుకే అత్యవసర ఫ్యాక్టర్లను, పీసీసీని బ్లడ్ బ్యాంకు ఆవరణలో ఉంచమంటున్నాం.

ఫ్రిజ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మందు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. ఫ్యాక్టర్లు, యాంటీ-డి, చాలా రకాల ఇమ్యూనోగ్లోబులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వార్డులోని మామూలు ఇంటి ఫ్రిజ్‌లో ఇన్సులిన్, ఆక్సిటోసిన్, సిబ్బంది మంచినీళ్ల సీసాలు, పెరుగు డబ్బాల మధ్య వీటిని ఇరికిస్తారు. చోటు చాలక వెనక గోడకు, ఫ్రీజర్ పలకకు ఆనించి పెడతారు. అక్కడ సున్నాకు దిగిపోతుంది. పొడిగా ఉన్న ఫ్యాక్టర్ తట్టుకున్నా, దానితో వచ్చే నీళ్ల సీసా గడ్డకట్టి చిట్లుతుంది. ద్రవంగా ఉండే ఇమ్యూనోగ్లోబులిన్, ఆల్బుమిన్ గడ్డకట్టి కరిగితే చూపుకు మళ్లీ తేటగానే కనిపించవచ్చు, కానీ అందులోని ప్రోటీన్ దెబ్బతిని ఉంటుంది. అది ఎక్కించకూడదు. ఎవరికి తెలుస్తుంది? ఉదయం, సాయంత్రం థర్మామీటరు చూసి రాసిన కాగితం ఉంటేనే తెలుస్తుంది. ఆల్బుమిన్ చాలా కంపెనీలది 30 డిగ్రీలు మించకపోతే బయటే ఉంచవచ్చు. అయితే రెంటచింతల, రామగుండం ఎండల్లో రేకుల కప్పు కింద ఉన్న స్టోరులో మే నెలలో 30 డిగ్రీలు ఉంటుందని అనుకోవడం కుదరదు. ఏసీ గది లేని స్టోరులో దాన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టాలి.

బ్లడ్ బ్యాంకులో పెట్టినా, ఎర్రకణాల బ్యాగులున్న ఫ్రిజ్‌లో వీటిని పెట్టకూడదు. అది 2 నుంచి 6 డిగ్రీలకు, రక్తానికి మాత్రమే కేటాయించింది. విడిగా ఒక ఐఎల్‌ఆర్ (టీకాలు దాచే ఐస్ లైన్డ్ ఫ్రిజ్), లేదా అలారం ఉన్న ఫార్మసీ ఫ్రిజ్, దానికి జనరేటరు లైను ఉండాలి. వార్డుకు తీసుకెళ్లేటప్పుడు ఐస్ ముక్కల్లో గుచ్చిన పాలిథీన్ సంచి పనికిరాదు. టీకాలకు వాడే క్యారియర్‌లో, ఐస్‌ప్యాక్ వయల్‌కు నేరుగా తగలకుండా తీసుకెళ్లాలి. వార్డుకు వెళ్లి వాడని వయల్‌ను మాత్రల స్ట్రిప్పులా రిటర్న్ తీసుకుని అల్మారాలో పెట్టేయకూడదు. అది ఎంతసేపు బయట ఉందో రాతలో లేకపోతే వెనక్కి తీసుకోకూడదు.

ఇక బ్యాచ్ నంబరు. 500 యూనిట్ల ఫ్యాక్టర్ వయల్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. బొటనవేలంత సీసా, అడుగున తెల్లటి పొడి గడ్డ, రబ్బరు బిరడా మీద ఊడదీసే మూత. లేబులు మీద యూనిట్లు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ. కొన్ని కంపెనీల లేబులుకు ఒక అంచు ఊడివస్తుంది, కేసు షీటు మీద అంటించడానికే ఆ ఏర్పాటు. నర్సు నీళ్లు ఎక్కించి, కుదపకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పి కరిగించి, ఫిల్టర్ సూదితో లాగి, నిమిషానికి 3 మి.లీ. మించకుండా నరంలోకి ఇస్తుంది. కేసు షీటులో 'ఇంజెక్షన్ ఫ్యాక్టర్ 8 ఇచ్చాం' అని రాస్తుంది. ఖాళీ సీసా గాజు వ్యర్థాల నీలం డబ్బాలోకి పోతుంది. ఆ సీసాతోపాటే, ఈ రోగికి ఈ బ్యాచ్ వెళ్లిందని చెప్పే ఒకే ఒక్క ఆధారమూ పోతుంది.

రేపు కంపెనీ ఒక బ్యాచ్‌ను వెనక్కి పంపమంటే ఫార్మసీ రిజిస్టరు 'ఫిమేల్ మెడికల్ వార్డు, 6 వయల్స్' అని చెబుతుంది. ఆరుగురికి వెళ్లాయా, ఒక్కరికే వెళ్లాయా? వాళ్ల ఊరేది? రిజిస్టరులో ఉండదు. మందుల లెక్క ఈ-ఔషధి, రక్తం లెక్క ఈ-రక్తకోశ్ అనే వేర్వేరు ఆన్‌లైన్ వ్యవస్థల్లో నడుస్తోంది. వార్డుకు ఇవ్వగానే మందు ఖర్చయినట్టే లెక్క, రోగి దాకా ఆ గీత వెళ్లదు. బ్రిటన్‌లో 1970, 80 దశకాల్లో కలుషిత ఫ్యాక్టర్ల వల్ల, రక్తమార్పిడి వల్ల 30,000 మందికి పైగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ సోకాయి. దానిపై జరిగిన విచారణ తుది నివేదిక 2024 మే 20న వచ్చింది. అన్నేళ్ల తర్వాత చాలామంది రోగులకు తమ వైద్య రికార్డులే దొరకలేదు. నేటి ఫ్యాక్టర్లకు వైరస్‌లను నిర్వీర్యం చేసే ప్రక్రియలున్నాయి, ఆ భయం పెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ రికార్డు దాచే గడువు మందుల దుకాణాల నిబంధనల్లో 2 ఏళ్లు, బ్లడ్ బ్యాంకుకు 5 ఏళ్లు. యూరప్‌లో రక్తం జాడ 30 ఏళ్లు దాచాలని చట్టం. ఎందరో దాతల ప్లాస్మా కలిసిన సీసాకు ఒక్క దాత బ్యాగుకన్నా తక్కువ రికార్డు ఉండటం ఏ లెక్కన చూసినా సబబు కాదు.

రియాక్షన్ వచ్చినప్పుడు కూడా ఇదే తికమక. రక్తమార్పిడి రియాక్షన్లకు 2012 డిసెంబరు 10న మొదలైన హీమోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది, నోయిడా నుంచి నడుస్తుంది. మందుల దుష్ఫలితాలకు ఘజియాబాద్ కేంద్రంగా ఫార్మకోవిజిలెన్స్ ఉంది. ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కిస్తుండగా వణుకు, జ్వరం వస్తే వార్డువాళ్లు స్పీడు తగ్గిస్తారు, తగ్గగానే మర్చిపోతారు. రెండింటికీ రిపోర్టు వెళ్లదు. ఏ, బీ, ఏబీ గ్రూపుల వాళ్లకు పెద్ద మోతాదు ఇమ్యూనోగ్లోబులిన్ ఇచ్చాక కొన్ని రోజులకు ఎర్రకణాలు చితికి హిమోగ్లోబిన్ పడిపోవచ్చు. దీన్ని మొదట పసిగట్టేది క్రాస్‌మ్యాచ్ చేసే బ్లడ్ బ్యాంకే, ఈ రోగికి ఆ మందు వెళ్లిందని తెలిస్తే. కాబట్టి ఫార్మసీ రోజువారీ పంపిణీ జాబితా ఒక కాపీ మర్నాడు ఉదయానికి బ్లడ్ బ్యాంకుకు చేరాలి. రియాక్షన్ ఎవరు చూసినా బ్యాచ్ నంబరుతో రిపోర్టు చేయాలి.

ఆల్బుమిన్, ఇమ్యూనోగ్లోబులిన్ మాత్రం పూర్తిగా ఫార్మసీలోనే ఉండాలి. ఇక్కడ కావాల్సింది వేగం కన్నా కాపలా. కాలేయ జబ్బున్నవాళ్ల పొట్టలోంచి 5 లీటర్లకు మించి నీరు తీస్తే, తీసిన లీటరుకు 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఇవ్వడానికి ఆధారముంది. 8 లీటర్లు తీస్తే 20 శాతం 100 మి.లీ. సీసాలు మూడు. రక్తపరీక్షలో ప్రోటీన్ తక్కువగా ఉందని, మనిషి నీరసంగా ఉన్నాడని రోజూ ఒక సీసా ఎక్కించడానికి ఆధారం లేదు. అయినా బంధువులను అప్పులపాలు చేసి తెప్పిస్తున్నారు. గులియన్ బారీ (నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చిన 60 కిలోల మనిషికి 5 రోజుల్లో 120 గ్రాముల ఇమ్యూనోగ్లోబులిన్ కావాలి, 5 గ్రాములవైతే 24 సీసాలు. లీటరు ప్లాస్మా నుంచి వచ్చేది సుమారు 4 గ్రాములే. ఒక్కో రక్తదానం నుంచి ప్లాస్మా 200, 250 మి.లీ. వస్తుంది. అంటే ఆ ఒక్క మనిషి వెనక 120 నుంచి 150 మంది దాతలున్నారు. ఏ జబ్బుకో, ఎన్ని గ్రాములో, ఎన్ని రోజులకో రాసిన ఫారం చూసి, సందేహం వస్తే యూనిట్ చీఫ్‌కు ఫోన్ చేసే ఫార్మసిస్టు ఉంటేనే ఆ 24 సీసాలు అవసరమైన వాళ్లకు మిగులుతాయి. కవాసాకి జబ్బుకు (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) కిలోకు 2 గ్రాములు ఇచ్చిన పిల్లలకు ఎంఎంఆర్ టీకా 11 నెలలు ఆపాలన్న మాట డిశ్చార్జి కార్డు మీద రాయించాల్సింది కూడా ఆ కిటికీయే.

ఇవన్నీ కొత్త పోస్టులు, కొత్త భవనం అడిగే పనులు కావు. ఔషధ కమిటీ, ట్రాన్స్‌ఫ్యూజన్ కమిటీ ఒక్క మధ్యాహ్నం కలిసి కూర్చుంటే సూపరింటెండెంటు సంతకంతో ఒక ఉత్తర్వు వస్తుంది. హీమోఫీలియా రోగులు వచ్చే బోధనాసుపత్రిలో బ్లడ్ బ్యాంకు దగ్గరి ఫ్రిజ్‌లో ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 ఒక్కొక్కటి కనీసం 4,000 యూనిట్లు ఉండాలి. పైన చెప్పిన తలదెబ్బ కుర్రాడిని ఫార్మసీ తెరిచేదాకా నిలబెట్టడానికి అంత కావాలి. వాటితో యాంటీ-డి పది, పీసీసీ, ఫైబ్రినోజెన్ ఆసుపత్రి వాడకాన్ని బట్టి. ఇది అమ్మే స్టాకు కాదు. డ్యూటీ డాక్టరు ఇండెంటు మీద వార్డుకు వెళ్లే అత్యవసర స్టాకు. ఇంటికి తీసుకెళ్లే వయల్స్ మాత్రం ఫార్మసిస్టే ఇవ్వాలి, ఎలా కలపాలో, ఎలా దాచాలో చెప్పి, ఖాళీ సీసాలు తిరిగి తెమ్మని. రోజూ ఉదయం ఫార్మసిస్టు వచ్చి రాత్రి వెళ్లినవి భర్తీ చేసి సంతకం పెట్టాలి. ఎక్స్‌పైరీకి మూడు నెలలుండగానే ఆ వయల్స్‌ను పగటి వాడకానికి మార్చేయాలి. స్వచ్ఛంద సంస్థల ద్వారా దానంగా వచ్చే ఫ్యాక్టర్‌కు గడువు తరచూ తక్కువగా ఉంటుంది. దాన్నీ ఇదే రిజిస్టరులో ఎక్కించాలి, విడి అల్మారాలో ఎవరికీ తెలియకుండా ఉంచకూడదు. బ్లడ్ బ్యాంకు లేని ఏరియా ఆసుపత్రుల్లో అన్నీ ఫార్మసీలోనే, రాత్రికి కావాల్సినవి క్యాజువాలిటీ ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో మందులు కొనే వైద్య సేవల మౌలిక వసతుల సంస్థలకూ ఒక మనవి. టెండరు షరతుల్లో ఊడదీసి అంటించే లేబులు, సరఫరా నాటికి మిగిలి ఉండాల్సిన కనీస గడువు, ఉష్ణోగ్రత రికార్డుతో రవాణా తప్పనిసరి చేయండి. జిల్లా డ్రగ్ స్టోరులో దించేటప్పుడు పెట్టెలోని ఉష్ణోగ్రత చూడకుండా సంతకం పెట్టవద్దని ఆదేశించండి.

ఉత్తర్వు వచ్చాక క్యాజువాలిటీలో, లేబర్ రూములో, రక్తవ్యాధుల వార్డులో గోడమీద ఒక కాగితం అంటించాలి. ఏ మందు ఏ గదిలో ఉంది, ఇండెంటులో ఏయే గళ్లు నింపాలి, రాత్రి తాళం ఎవరి దగ్గర, వాళ్ల ఫోను నంబరేమిటి అన్నది పెద్దక్షరాల్లో, తెలుగులో.

ఇట్లు,
ఆసుపత్రి ఫార్మసీ, బ్లడ్ బ్యాంకు ఉద్యోగులు కొందరు
విశాఖపట్నం